దొంగ బాప్తిస్మం

బతికాను. సంతోషం పట్టలేక ఈ మాట రాసి పైకి చదువుకున్నాను. పంతొమ్మిది వందల ముప్ఫై అయిదో సంవత్సరం వానాకాలంలో నాకు సన్నిపాత జ్వరం వచ్చింది. ఆసుపత్రిలో దాన్ని టైఫాయిడ్ అన్నారు. నన్ను చూడ్డానికొచ్చినవాళ్లు బయటికెళ్లి పెదవి విరిచేవారని తర్వాత తెలిసింది. అలాంటివాణ్ణి ఇవాళ పొద్దున బడికెళ్లి, పిల్లలచేత గుణింతాలు చదివించి, గొంతు బొంగురుపోయేలా అరిచి, ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను!

లేచి తిరుగుతున్న మొదటి రోజుల్లోనే దీన్ని రాసిపెట్టమని చాలామంది అన్నారు. అప్పుడు రాయలేకపోయాను. జబ్బు సంగతి చెప్పాలంటే అంతకుముందు నేను చేసిన మోసం సంగతి చెప్పాలి. మూడేళ్లు పట్టింది. ఇప్పుడు కూడా సిగ్గుగానే ఉంది గాని, చెప్పాలన్న ఆత్రం సిగ్గుని దాటిపోయింది.

మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లె. వరి పండించే కుటుంబం. నేను రెండోవాణ్ణి, పేరు సూర్యనారాయణ. ఎనిమిదో క్లాసు ప్యాసయ్యాను. నాన్నగారు నాగలి పట్టమన్నారు. నాకు కోటు తొడుక్కుని బల్ల ముందు నిలబడాలని ఉండేది. ఏలూరులో మిషనువాళ్ల ట్రైనింగు స్కూలుందనీ, క్రైస్తవుడివైతే చోటిచ్చి, భోజనం పెట్టి, తర్వాత ఉద్యోగం కూడా చూపిస్తారనీ ఒక స్నేహితుడు చెప్పాడు. అంతే. వాళ్లు అడిగే ప్రశ్నలూ నేను చెప్పాల్సిన జవాబులూ కంఠతా పట్టాను. అయ్యగారు, అంటే గుడి పెద్ద పాస్టరుగారు, నన్ను నిలబెట్టి అడిగిన ప్రతిదానికీ అందరికంటే గట్టిగా జవాబు చెప్పాను. నెత్తిమీద నీళ్లు పడ్డప్పుడు నా బుర్రలో ఉన్నది ఒక్కటే, ట్రైనింగులో సీటు. దావీదు అని పేరు పెట్టారు.

ఇంట్లో నాన్నగారు ఒక్కటే మాట అన్నారట. "నాకు ఒక్కడే కొడుకు." ఆ తర్వాత మా అన్నయ్య ఉత్తరాలు కూడా ఆగిపోయాయి.

ట్రైనింగు పూర్తయ్యాక నన్ను మండవల్లి అవతల కొల్లేటి ఒడ్డున ఉన్న ఒక పేటకి వేశారు. కూలిపని చేసుకునేవాళ్ల ఇళ్లు. మధ్యలో ఒక తాటాకు పాక. అది ఆదివారం గుడి, మిగతా రోజులు బడి. నేనే మేస్టార్ని, అయ్యగారు రాని వారాల్లో ప్రార్థన నడిపేవాణ్ణి కూడా నేనే. నోటితో ప్రార్థన చేసేవాణ్ణి, మనసులో బదిలీ ఎప్పుడవుతుందా అని చూసేవాణ్ణి. నా వంట నేనే వండుకునేవాణ్ణి. నా నీళ్లు నేనే తెచ్చుకునేవాణ్ణి. ఎవరింటికి పిలిచినా "నా ఒంటికి పడదండి" అని తప్పించుకునేవాణ్ణి.

బడి ఊడ్చి అలికే మరియమ్మ అని ఒకావిడ ఉండేది. భర్త పోయాడు, పిల్లలు లేరు. క్రిస్మసుకి తన చేత్తో చేసిన అరిసెలు ఆకులో చుట్టి తెచ్చి నా గుమ్మంలో పెట్టింది. ఆవిడ మలుపు తిరగ్గానే వాటిని పాక వెనక కాలవలో పారేశాను. కులం మార్చుకున్నానని ఊరంతా అనుకుంది గాని, నేను దాన్ని చొక్కా లోపల దాచుకుని తెచ్చుకున్నాను.

ఇదీ జ్వరం వచ్చేనాటికి నా సంగతి.

మొదటి వారం

భాద్రపదం చివర. వారం రోజులు ఎడతెరిపి లేని వాన. తలనొప్పితో మొదలైంది. పడిశమేననుకున్నాను. నాలుగో రోజుకి బల్ల పట్టుకుంటే గాని నిలబడలేకపోయాను. పిల్లల్ని ఇళ్లకి పంపేసి తలుపేసుకుని పడుకున్నాను. మరియమ్మ కషాయం కాచి తెచ్చింది.

"మేస్టారండీ, తలుపు తీయండి. వేడిగా ఉంది, తాగితే చెమట పడుతుంది."

"అక్కడ పెట్టి వెళ్లు" అన్నాను. ఆవిడ నాకంటే పాతికేళ్లు పెద్దది. "వెళ్లు" అన్నాను. కషాయం గుమ్మంలోనే చల్లారిపోయింది.

ఆరో రోజు దాహం వేసి కుండ దగ్గరికి పాక్కుంటూ వెళ్లి అక్కడే పడిపోయాను. కుండ పగిలి నీళ్లన్నీ నేలపాలయ్యాయి. ఆ తడిలో పడుకుని, ఈ ఊళ్లో నేను పిలవగలిగిన మనిషి ఒక్కడు కూడా లేడు, ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు కదా, అనుకున్నట్టు లీలగా గుర్తుంది. వాళ్లు మాత్రం పిలవకుండానే వచ్చారు. కుండ పగిలిన చప్పుడు విని తలుపు విరగ్గొట్టారట.

పేటలో పెద్ద అబ్రహాంగారు. అరవై దాటిన మనిషి, సంఘానికి ఆయనే దిక్కు. నా ఒళ్లు ముట్టుకుని చూసి, "ఏలూరు ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఇక్కడుంటే దక్కడు" అన్నారట. రైలు లేదు, కట్టమీదికి నీళ్లొచ్చాయి. ఇక మిగిలింది కొల్లేరే.

ఎనిమిదో రోజు

రెండు తాటి దోనెలు పక్కపక్కన కట్టి, పైన వెదురు తడిక వేసి, దానిమీద నన్ను పడుకోబెట్టారు. అబ్రహాంగారితో కలిసి నలుగురు మనుషులు గెడలు పట్టారు. నా తల మరియమ్మ ఒళ్లో ఉంది. నాకప్పుడు తెలివి వస్తూ పోతూ ఉంది. కళ్లు తెరిస్తే ఆకాశం, నీళ్లు ఒకే బూడిద రంగులో కనిపించాయి. ఒడ్డు అన్నది ఎక్కడా లేదు.

సగం దూరం వచ్చాక గాలి లేచింది. నీళ్లు దోనెల్లోకి ఎగిరి పడుతున్నాయి. ఇద్దరు గెడలు వదిలేసి చిప్పలతో నీళ్లు తోడుతున్నారు. కట్టిన తాడు ఒకవైపు తెగింది. దోనెలు విడిపోతే మధ్యలోంచి నేను జారిపోవడమే. అబ్రహాంగారు, ఆ వయసులో, నీళ్లలోకి దిగి రెండు దోనెల అంచులూ రెండు చేతులతో పట్టుకుని, కాళ్లు ఆడిస్తూ తేలారు! అలా పట్టుకునే అరుస్తున్నారు.

"మళ్లీ కట్టండిరా! నేను వదల్ను, మీరు కట్టండి!"

వాళ్లు కట్టారు. ఆయన్ని పైకి లాగారు. ఆయన వణుకుతూ నవ్వారు. అప్పుడెవరో పాట ఎత్తుకున్నారు. ఆదివారం నేను పాడించే పాటే. నేను పాడించినప్పుడు అంత బాగా ఎన్నడూ లేదు.

నాకు గొంతెండిపోతోంది. "నీళ్లు" అన్నాను. చుట్టూ కొల్లేరే, కానీ తాగే నీళ్లు మరియమ్మ తెచ్చుకున్న ముంతలో ఉన్నాయి. ఆవిడ ముంత చేతిలో పట్టుకుని ఆగింది. నా మొహంలోకి చూసి, మెల్లిగా, "మా నీళ్లండి, మేస్టారూ. తాగుతారా?" అని అడిగింది.

చావుకి జానెడు దూరంలో ఉన్నవాణ్ణి ఆవిడ అనుమతి అడిగింది! నేను మూతి చాపాను. ఆ చల్లదనం గొంతులోంచి దిగుతుంటే కళ్లలోంచి నీళ్లు కారాయి. వానలో ఎవరికీ కనబడలేదనుకుంటాను.

పెదపాడు వైపు ఒడ్డుకి చేరి, ఎద్దుబండి కట్టించుకుని, పొద్దు వాలేలోగా ఏలూరు చేరారు.

రెండో వారం

ఆసుపత్రి వసారా ఒక పెద్ద ఊరు. మూటలు, మరచెంబులు, ఏడుపులు, పలకరింపులు. అక్కడ ఎవరూ ఎవర్నీ మీది ఏ ఊరని అడగరు, ఎన్నో రోజు అని అడుగుతారు. డాక్టరమ్మగారు నన్ను చూసి అబ్రహాంగారితో అన్న మాటలు నాకు వినబడ్డాయి.

"దీనికి మందు లేదండి. ఇరవై ఒక్క రోజులు గడవాలి. గట్టి పదార్థం ఏదీ పెట్టకూడదు, ఒక్క మెతుకు కూడా. ఒళ్లు తుడుస్తూ, బార్లీ నీళ్లు పడుతూ ఉండాలి. ఎవరుంటారు?"

"మేముంటామండి" అన్నారు అబ్రహాంగారు.

"మీరు ఏమవుతారు?"

ఆయన కొంచెం ఆలోచించి, "మావాడేనండి" అన్నారు.

ఊడ్పుల వెనక కలుపు పనులు వచ్చే రోజులవి. అయినా ఆయన, మరియమ్మ కదల్లేదు. పక్క మంచంమీద కాలు విరిగిన మస్తాన్‌గారు ఉండేవారు, ఏలూరులో తివాచీలు నేసే మనిషి. మరియమ్మ వసారాలోకి వెళ్లినప్పుడల్లా ఆయన కూర్చున్నచోట్నించే చెయ్యి చాపి నాకు విసనకర్ర విసిరేవారు. "మీ అమ్మగారు వచ్చేదాకా నా డ్యూటీ" అనేవారు. మరియమ్మని మా అమ్మ అనుకున్నారు. నేను కాదనలేదు. మొదట ఓపిక లేక. తర్వాత, కాదనబుద్ధి కాక.

పధ్నాలుగో రోజు మధ్యాహ్నం జ్వరం కొంచెం దిగింది. తలలో పొగ విడినట్టయింది. మరియమ్మ విసురుతోంది. అబ్రహాంగారు మంచం పట్టెమీద చెయ్యి ఆనించి కునికిపాట్లు పడుతున్నారు. ఆయన చేతిమీద దోనె అంచు కోసిన గాయం ఇంకా మానలేదు. దాన్ని చూస్తే భరించలేకపోయాను.

"అబ్రహాంగారూ, మీరు ఇంటికి వెళ్లిపోండి. నేను మీవాణ్ణి కాదు."

"జ్వరం మాటలండి. పడుకోండి."

"జ్వరం కాదండి. నేను ఉద్యోగం కోసం బాప్తిస్మం తీసుకున్నాను. ఆ రోజు అయ్యగారి ముందు చెప్పినవన్నీ అబద్ధాలే. మీ ముందు చేసిన ప్రార్థనలూ అబద్ధాలే. ఒక్కరోజు కూడా నేను నమ్మలేదు. దొంగ బాప్తిస్మం నాది. ఇంక నాకోసం చాకిరీ చెయ్యకండి."

విసనకర్ర ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కదిలింది. వాళ్లిద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు.

"ఆ సంగతి మాకు తెలుసండి" అన్నారు అబ్రహాంగారు.

"ఏ సంగతి?"

"అదేనండి, మీరు నమ్మి రాలేదన్న సంగతి. మీరొచ్చిన మొదటి ఆదివారమే తెలిసిపోయింది. నమ్మినవాడు దేవుడితో మాట్లాడేటప్పుడు ఎక్కడో అక్కడ తడబడతాడండి. మీరు పద్యం అప్పజెప్పినట్టు చెప్పేవారు."

"కాలవలో అరిసెలు తేలుతుంటే నేను చూశానండి" అంది మరియమ్మ. "ఆ పూట ఏడుపొచ్చింది, దాచడం ఎందుకు."

"మరి ఎందుకు ఊరుకున్నారు? అయ్యగారికి చెబితే ఆ రోజే నన్ను తీసేసేవారు కదా?" అన్నాను.

అబ్రహాంగారు నవ్వారు. "మేం మాత్రం నమ్మి వచ్చామా ఏవిటండీ? నా చిన్నప్పుడు పెద్ద కరువొచ్చింది. మిషనువాళ్లు గంజి పోస్తున్నారంటే మా నాన్న మమ్మల్నందర్నీ తోలుకెళ్లి బాప్తిస్మం ఇప్పించాడు. గంజి కోసమేనండి! ఆ సంగతి దేవుడికి తెలీదంటారా? తెలిసే కూర్చోబెట్టాడు. తర్వాతెప్పుడో, ఎన్నేళ్లకో, మాకు నమ్మకం వచ్చింది. గంజి కోసం వచ్చిన మమ్మల్ని ఉంచుకున్నవాడు ఉద్యోగం కోసం వచ్చిన మిమ్మల్ని తోసేస్తాడా? మీరు ఎప్పటికైనా ఈ మాట చెబుతారని చూస్తున్నామండి. చెప్పారు. ఇంక పడుకోండి."

పడుకోవడమా! నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ కలిసి మంచం ఊగిపోయింది. సిస్టరు పరుగెత్తుకొచ్చి, "కదలొద్దని చెప్పానా!" అని కసిరింది. వాళ్లకి తెలుసు! తెలిసే తలుపు విరగ్గొట్టారు, తెలిసే నీళ్లలోకి దూకారు, తెలిసే "మావాడే" అన్నారు! దేవుడి కృప అన్న మాట నేను పిల్లలచేత వందసార్లు పలకమీద రాయించాను. ఆ మాటకి అర్థం ఏమిటో ఆ మధ్యాహ్నం, ఆ ఇనప మంచంమీద తెలిసింది. నేను చేసినదానికి ఫలితం కాదది. నేను చేసినదంతా తెలిసిన తర్వాత కూడా దొరికేది.

మూడో వారం

పదిహేడో రోజు మా అమ్మ, అన్నయ్య వచ్చారు. కబురు పంపింది అబ్రహాంగారే. నాన్నగారికి చెప్పకుండా పాసింజరు ఎక్కి వచ్చారు. అమ్మ నా మొహం చూసి గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక కొంగు నోట్లో కుక్కుకుంది. మంచం పక్కనున్న మరియమ్మని చూసి రెండడుగులు వెనక్కి వేసింది. నాకు చివుక్కుమంది గాని, ఏ మొహంతో అమ్మని తప్పుపట్టను?

అన్నయ్య మంచం దగ్గరికి వంగాడు. "సూరీ, నాన్నగారితో నేను మాట్లాడతాను. ప్రాయశ్చిత్తం చేయిస్తే ఇంట్లోకి రానిస్తారు. నమ్మి ఆ మతంలో కలవలేదు, ఉద్యోగం కోసం కలిశానని నలుగురి ముందు ఒక్క మాట చెప్పు, చాలు. అది నిజమే కదరా?"

నిజమే! అదే కష్టం. నేను అబద్ధం ఆడక్కర్లేదు. ఇల్లు కళ్లముందు కదిలింది. పెరటి నుయ్యి, నాన్నగారి దగ్గు, అమ్మ కలిపి పెట్టే ముద్ద. అమ్మ దూరం నుంచే, "వచ్చెయ్యి నాన్నా" అంది.

రెండు రోజులు జవాబు చెప్పలేదు. మరియమ్మకి, అబ్రహాంగారికి ఈ సంగతి తెలుసు. అన్నయ్య వచ్చినప్పుడల్లా లేచి వసారాలోకి వెళ్లిపోయేవారు, మాట్లాడుకోనివ్వాలని.

పంతొమ్మిదో రోజు అన్నయ్యని పిలిచాను. "నువ్వు చెప్పింది నిజమే అన్నయ్యా. మొన్నటిదాకా నిజమే. ఇప్పుడు ఆ మాట చెబితే అబద్ధమవుతుంది."

"మొన్న ఏం జరిగింది?"

"నేను దొంగనని వాళ్లకి చెప్పాను. వాళ్లకి ముందే తెలుసట. తెలిసే కొల్లేరు దాటించారు."

"నాన్నగారు నీ పేరు ఇంక ఎత్తనివ్వరురా" అన్నాడు అన్నయ్య. కోపంగా కాదు. అది తట్టుకోవడం ఇంకా కష్టమైంది.

ఇరవయ్యో రోజు జ్వరం విజృంభించింది. ఆ రోజు నాకు గుర్తు లేదు. మస్తాన్‌గారు చెప్పింది రాస్తున్నాను. డాక్టరమ్మగారు "ఈ పూట గడిస్తే చూద్దాం" అన్నారట. అమ్మ వసారాలోంచి లోపలికి వచ్చేసిందట. మంచానికి ఆవైపు అమ్మ, ఈవైపు మరియమ్మ, ఇద్దరూ తడిగుడ్డలతో నా ఒళ్లు తుడుస్తూనే ఉన్నారట. ఒకే నీళ్ల పళ్లెంలో ఇద్దరి చేతులూ ముంచారట. ఎవరూ ఏమీ అనుకోలేదట.

ఇరవై రెండో రోజు పొద్దున కళ్లు తెరిస్తే కిటికీలోంచి ఎండ పడుతోంది. ఒంటిమీద చెమట. చల్లగా ఉంది. ఆకలేసింది! "ఆకలి" అన్నాను. అబ్రహాంగారు అదేదో గొప్ప వార్తయినట్టు వసారాలోకి పరుగెత్తి అందరికీ చెప్పారు. ఎవరెవరో ముక్కూమొహం తెలియనివాళ్లు వచ్చి నన్ను చూసి నవ్వి వెళ్లారు.

అమ్మ ఆ సాయంత్రం బండికి బయల్దేరింది. పథ్యానికని పాత బియ్యం, సొంఠిపొడి మూట కట్టి తెచ్చింది. దాన్ని నా మంచంమీద పెట్టలేదు. మరియమ్మ చాపిన చేతుల్లో, పైనుంచి జారవిడవకుండా, చేతికి చెయ్యి తగిలేలా పెట్టింది. "మెత్తగా వండి పెట్టండమ్మా. చిన్నప్పట్నించీ వాడికి ఆత్రం ఎక్కువ" అంది. నాన్నగారు ఇప్పటికీ నన్ను పిలవలేదు. అమ్మ ఏడాదికోసారి ఏలూరు వచ్చి చూసి వెళుతుంది. ఆ బాధ ఉంది. లేదని రాస్తే మళ్లీ అబద్ధమవుతుంది.

తర్వాత

జ్వరం వదిలింది గాని, నన్ను నేను మోసుకోవడం మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది. జుట్టంతా ఊడిపోయింది. గోడ పట్టుకుని పది అడుగులు వేస్తే అది ఆ రోజుకి ఘనకార్యం. ఇది చదివేవాళ్లలో ఎవరికైనా ఈ జ్వరం వస్తే ఒక్కటి చెబుతాను. తగ్గిందని తొందరపడి తినకండి. నా తర్వాత ఆ మంచంమీదికి వచ్చినాయన ఎవరో ప్రేమకొద్దీ పెట్టిన అన్నం తిని పోయాడు. ఇంకోటి, తలుపేసుకుని పడుకోకండి. ఎవరైనా కషాయం తెస్తే తలుపు తీయండి.

ఆసుపత్రి వదిలిన రోజు ఒక పని మిగిలింది. చేతికర్ర పట్టుకుని, మరియమ్మ తోడు రాగా, అయ్యగారి ఇంటికి వెళ్లాను. ఆవిణ్ణి అప్పటికే పిన్నీ అని పిలుస్తున్నాను. పిన్ని వీధి అరుగుమీద కూర్చుంది. నేను లోపలికి వెళ్లి మొత్తం చెప్పేశాను. సీటు సంగతి, కంఠతా పట్టిన జవాబులు, అన్నీ.

"అందుకని అయ్యగారూ, నాకు మళ్లీ బాప్తిస్మం ఇవ్వండి. ఈసారి నిజంగా అడుగుతున్నాను."

అయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నన్ను ఎగాదిగా చూశారు.

"ఇవ్వను" అన్నారు.

"అంత పాపమా అండీ?"

"పాపం సంగతి కాదయ్యా. ఆ రోజు అబద్ధం ఆడింది నువ్వు. దేవుడు ఆడలేదు. నిన్ను నా బిడ్డ అని ఆయన అన్న మాట అప్పుడే ఖాయమైపోయింది. నువ్వు విన్నది ఇప్పుడు. విన్నావు కదా, ఇంక ఇంటికి వెళ్లి అన్నం తిను. కర్రలా ఉన్నావు."

చేతికర్ర అక్కడే వదిలేసి బయటికి పరుగెత్తాను. పరుగంటే ఏం పరుగు, నాలుగు అంగలు వేసి అరుగు స్తంభం పట్టుకుని రొప్పుతూ నిలబడ్డాను. పిన్ని కంగారుగా లేచింది.

"ఏవన్నారండీ అయ్యగారు?"

"ఇవ్వనన్నారు పిన్నీ!"

"అదేవిటండీ, ఇవ్వనంటే ఇంత సంతోషమా?"

"ఇవ్వక్కర్లేదట!" అన్నాను. "మొదటిదే చెల్లిందట!"